కడగని పంపు

నేను ఒక చిన్న నీటి పంపును. అరచేతిలో పట్టేంత ఉంటాను. నీళ్ళలో మునిగి కూర్చుని, కిందున్న నీళ్ళని పైకి తోయడం నా పని. పైకి తోసిన నీళ్ళు మళ్ళీ కిందికే వస్తాయి. వాటిని మళ్ళీ తోయాలి. గానుగెద్దు బతుకు అంటారు చూశారూ, అదీ నాది. గానుగెద్దుకైనా సాయంత్రం కాడి దించుతారు. నాకు ఆ భాగ్యమూ లేదు. కరెంటు పోయినప్పుడు మాత్రం కాస్త నడుం వాలుస్తాను. ఊళ్ళో జనమంతా విసనకర్రలు వెతుక్కుంటూ తిట్టుకునే ఆ కాసేపూ నేను ఆ కరెంటు తీసినవాడికి దణ్ణం పెట్టుకుంటూ ఉంటాను.

పుట్టింది ఎక్కడో రేకుల షెడ్డులో. ఊరి పేరు నా అట్టపెట్టె మీద ఉండేది, ఆ పెట్టె ఎప్పుడో చిరిగిపోయింది. రాగి తీగ చుట్టి, నీళ్ళు చొరబడకుండా బంక పోసి, ఒకమ్మాయి నన్ను బకెట్లో ముంచి తిరుగుతున్నానో లేదో చూసింది. తిరిగాను. బానే ఉంది అని పక్కన పెట్టింది. నేను విన్న మొదటి మెప్పు అది. ఆ తర్వాత ఎన్నేళ్ళు తిరిగినా ఆ ముక్క అన్నవాళ్ళు లేరు.

భీమవరంలో ఒక ఫొటో స్టూడియో కూలర్లో మొదలైంది నా కొలువు. చెమట కారకుండా ముఖాలకి పౌడరు రాసుకుని జనం వచ్చేవాళ్ళు, నేను నీళ్ళు తోస్తే వాళ్ళకి చల్లగాలి. నవ్వండి, నవ్వండి అని ఆ ఫొటో ఆయన అందరినీ బతిమాలేవాడు. కూలర్ రేకు తుప్పుపట్టి పోతే నన్ను ఒక కల్యాణమండపం వాళ్ళు పట్టుకెళ్ళి వేదిక ముందు ఫౌంటెన్లో పెట్టారు. రంగు నీళ్ళు, రంగు దీపాలు. చూడ్డానికి వైభోగమే. కానీ మగపెళ్ళివారిలో పెద్దమనుషులు కొందరు భోజనమయ్యాక ఎవరూ చూడకుండా వచ్చి అందులోనే చేతులు కడుక్కునేవాళ్ళు. ఎన్ని పెళ్ళిళ్ళ పప్పన్నం మెతుకులు నా నోటికి అడ్డం పడ్డాయో నాకే తెలుసు. మంత్రాలు వాళ్ళకి, మెతుకులు నాకు.

అక్కణ్ణించి రంగు చేపలమ్మే సోంబాబు కొట్టుకి చేరాను. చేపల తొట్టెలో చెత్త నా లోపలికి పోకుండా నా నోటికి ఒక స్పాంజి ముక్క తొడిగాడు. ఏళ్ళ తరబడి అది ఉతికిన పాపాన పోలేదు. నల్లగా, జిగటగా, బురద వాసన వేసేది. కొట్టుకి వచ్చినవాళ్ళు నన్ను చూసి ముక్కు మూసుకునేవాళ్ళు. చేపలు మాత్రం ఏమీ అనేవి కావు. అక్కడికే వచ్చింది తాయారమ్మ.

ఆవిడ భర్త పెద్దిరాజు. ఉండి అనే ఊరి దగ్గర రొయ్యల చెరువులు చేసిన మనిషి. వరసగా రెండు పంటలు తెల్లమచ్చ తెగులుకి పోయాయి. పట్టుబడికి సిద్ధంగా ఉన్న రొయ్య తెల్లారేసరికి గట్టు వెంట తేలింది. ఆ ఒడ్డు వెంట మొత్తం నడిచి వచ్చాక ఆయన చెరువు వదిలేశాడు. భీమవరంలో అద్దె వాటా తీసుకుని తమ్ముడి ఎరువుల కొట్టులో కూర్చుంటున్నాడు. కూర్చోవడం అంటే నిజంగా కూర్చోవడమే. మాట లేదు, పలుకు లేదు. తింటే తిన్నాడు, లేకపోతే లేదు. ఇదంతా తాయారమ్మే సోంబాబుకి చెప్పుకుంది, నేను కౌంటరు మీద పడి ఉండి విన్నాను. ఎవరి ఇంట్లోనో చూసిందట. కింద గాజు తొట్టెలో చేపలు, పైన కంకర పోసిన టబ్బులో ఆకుకూరలు. చేపల నీళ్ళు పంపు పైకి తోస్తుంది, ఆ మురికి మొక్కలకి ఎరువవుతుంది, శుభ్రపడ్డ నీళ్ళు మళ్ళీ చేపల మీదికి జారతాయి. మన్ను అక్కర్లేదు, హాల్లో ఓ మూల చాలు. ఆయన చెయ్యి మళ్ళీ నీళ్ళలో పెడితే మనిషి మనిషవుతాడని ఆవిడ ఆశ. సోంబాబు ఓ గాజు తొట్టె, కాసిని బంగారు చేపలు ఇచ్చి, ఊరికే వస్తుంది పట్టుకుపొమ్మని నన్ను కూడా తగిలించాడు.

ఇంటికి వెళ్ళాక పెద్దిరాజు ఆ చేపల్ని చూసి, మనం తినని చేపలకి తిండి పెట్టడమేమిటన్నాడు. తరవాత కిటికీ వైపు తిరిగాడు.

“నా చేతిలో ఇంకేదీ బతకదు తాయారూ. వీటినెందుకు చంపడం, తిరిగిచ్చెయ్యి.”

ఆవిడ తిరిగివ్వలేదు. తానే టబ్బు ఎక్కించి, పుదీనా కాడలు గుచ్చి, తోటకూర గింజలు చల్లి, నన్ను తొట్టెలో దింపి స్విచ్చి వేసింది. నేను మామూలుగానే గుర్రుమన్నాను. ఆ చప్పుడుకి పెద్దిరాజు తల తిప్పాడు. చెరువుల మీద బతికినవాళ్ళు చిత్రమైనవాళ్ళు. చెరువు నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్ల హోరులో హాయిగా నిద్రపోతారు, అది ఆగిందంటే లేచి కూర్చుంటారు. ఆ ఇంట్లో అంతకాలంగా హోరు లేదు, ఆయనకి సరిగ్గా నిద్రా లేదు. ఆ మధ్యాహ్నం నా ఎదురుగా చాప వేసుకుని పడుకుని గుర్రుపెట్టాడు. నేనూ, ఆయనా పోటీ. వంటింట్లోంచి తొంగిచూసి తాయారమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నా అలుపు సంగతి ఎవరికి కావాలి!

లేచాక చేశాడండీ అసలు పని. తొట్టె ఖాళీ చేయించి బ్లీచింగు పౌడరు తెప్పించాడు. చెరువులో రొయ్యపిల్ల వదిలే ముందు నీళ్ళకి బ్లీచింగు కొట్టడం వాళ్ళ పద్ధతి. కంటికి కనిపించని తెగుళ్ళన్నీ చావాలి. అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా? గాజు కడిగాడు, గొట్టాలు కడిగాడు, కంకరలో రాయి రాయినీ తోమాడు. నా స్పాంజిని పిండి పిండి తెల్లగా చేసి మళ్ళీ తొడిగాడు. వాసన పోయేదాకా ఆగి చేపల్ని వదిలాడు. ఇల్లంతా ఆసుపత్రిలాగా మెరిసిపోయింది. ఇంతటి శుభ్రం నా జన్మలో ఎరగను.

చేపలు చావడం మొదలుపెట్టాయి. ముందు పైకి తేలి నోరు తెరిచి గాలి పీల్చేవి, తర్వాత ఓ పక్కకి ఒరిగేవి. తోటకూర మొలకలు పసుపుబారి వంగిపోయాయి. చేప చచ్చినప్పుడల్లా ఆయనకి తెగులే కనిపించేది. చేపల్నీ నన్నూ బకెట్లోకి మార్చడం, మళ్ళీ బ్లీచింగు, మళ్ళీ తోమడం. ఆదివారం వచ్చిందంటే అదే పూజ. మరి చెరువులో కూడా ఇంతే చేసేవాడా అంటే, కాదు. అక్కడ బ్లీచింగు కొట్టాక నీళ్ళకి మళ్ళీ రంగు వచ్చేదాకా, జీవం పట్టేదాకా ఆగి అప్పుడు పిల్ల వదిలేవాడు. ఇక్కడ ఆ సంగతే మర్చిపోయాడు. భయపడ్డ మనిషికి మందొక్కటే గుర్తుంటుంది.

ఆ మొదటిసారి తర్వాత నన్ను కడిగే వంతు తాయారమ్మది. మొదట్లో శ్రద్ధగానే స్పాంజి విప్పి బ్లీచింగు నీళ్ళలో నానబెట్టేది. తర్వాత ఆవిడకీ విసుగు పుట్టింది. ఇంటెడు చాకిరీ, పైన ఈ పంపు చాకిరీ. కుళాయి కింద ఓసారి అలా చూపించి మళ్ళీ తగిలించేసేది. పంపు కడిగేవా అని ఆయన హాల్లోంచి అడిగేవాడు. ఆ, కడిగేనండి అని ఆవిడ వంటింట్లోంచి అనేది. అబద్ధమే. కానీ ఆ అబద్ధం వల్ల నాకు కాస్త కళ్ళు మండటం తగ్గింది, నా స్పాంజి మళ్ళీ నల్లబడసాగింది. చేపల మురికిని తినేసే, కంటికి కనపడని జీవం ఉండేది ఆ నలుపులోనే; కానీ అదొక్కటీ అంత తొట్టెని ఏం కాస్తుంది, నాకు తెలుసు. ఇంకెవరికీ తెలీదు.

చివరికి మూడు చేపలు మిగిలాయి. ఆ రోజు పెద్దిరాజు ఏమీ కడగలేదు. అన్నం కంచం ముందు కూర్చుని ముద్ద కలిపి, కలిపిన చేతిని చూసుకున్నాడు.

“నే చెప్పలేదా. ఇది చావు చెయ్యి. ఈ మూడిట్నీ ఇచ్చేసి రా, నాకిక నీళ్ళ మాటెత్తకు.”

తాయారమ్మకి అప్పుడే అర్థమైంది, చేపలు పోతే పోయేవి చేపలే కావని. ఈ మనిషి ఇక మళ్ళీ దేనికీ చెయ్యి చాపడు. చేపల్ని బకెట్లో పోసి, నన్ను వాటితోపాటు దింపి బాల్కనీలో పెట్టి స్విచ్చి వేసింది. టబ్బులోంచి పీకిన పుదీనా కాడల్ని పారెయ్యడానికి మనసొప్పక ఆ బకెట్లోనే గుచ్చింది. తీరా కొట్టుకి వెళ్తే తాళం. సోంబాబు కూతురి పెళ్ళికి వాళ్ళ ఊరు వెళ్ళాడట, వచ్చేది ఎప్పుడో పక్క కొట్టువాళ్ళకీ తెలీదు. పెళ్ళిళ్ళతో నాకు పాత సంబంధం ఉంది, ఈ ఒక్క పెళ్ళి మాత్రం నాకు కలిసొచ్చింది.

బకెట్ సంగతి ఇంట్లో అందరూ మర్చిపోయారు. ఎవరూ నీళ్ళు మార్చలేదు, ఎవరూ తోమలేదు. తాయారమ్మ మాత్రం బట్టలు ఆరేసేటప్పుడు నాలుగు మేత గింజలు వేసి పోయేది. నేను తిరుగుతూనే ఉన్నాను. నా మురికి స్పాంజిలోంచి నీళ్ళు వెళ్ళి వస్తున్నాయి. మూడు చేపలకి నేను సరిపోయాను.

కొట్టు తెరిచారని కబురొచ్చిన రోజు ఆయనే బకెట్ తీసుకెళ్ళడానికి బాల్కనీలోకి వచ్చాడు. వంగి, అలాగే ఉండిపోయాడు. చేపలు బలిసి, తోకలు ఊపుతూ ఆయన నీడకి ఎదురొచ్చాయి. పుదీనా కాడలకి తెల్లటి వేళ్ళు గుత్తులుగా దిగి ఉన్నాయి, పైన కొత్త చిగుళ్ళు. ఆయన గొంతుక్కూర్చుని దోసిట్లోకి నీళ్ళు తీసుకున్నాడు. వాసన చూశాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూశాడు. చెరువు గట్టు మీద రోజూ చేసే పని అది. ఎన్నాళ్ళయిందో ఆ చెయ్యి ఆ పని చేసి! తర్వాత నన్ను పైకి లాగి ఆ నల్లటి స్పాంజిని నొక్కాడు. గోధుమరంగు బురద ఆయన వేళ్ళ మీదుగా కారింది.

“తాయారూ, ఈ పంపు ఎప్పుడు కడిగేవు?”

ఆవిడ తడి చేతులతో వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. ఇంక దాచి లాభం లేదనుకుందేమో.

“కడగలేదండి. చాన్నాళ్ళనించీ కడగట్లేదు. ఓపిక లేక కడిగేనని చెప్తన్నాను.”

తిడతాడనుకున్నాను. ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అని ఆవిడ దగ్గరికి వచ్చింది. నవ్వుతున్నాడు. నవ్వి నవ్వి గోడకి ఆనుకున్నాడు. చెరువుకైతే రంగొచ్చేదాకా ఆగేవాణ్ణే, దీనికి ఆగలేదే, బతికించేదాన్నంతా నేనే కడిగి పారబోశానే అని తనలో తనే అనుకున్నాడు. తాయారమ్మకి ముక్క అర్థం కాలేదు. ఆ నవ్వు చాలు ఆవిడకి.

ఈసారి తొందరపడలేదు ఆయన. కంకరని ఉత్త నీళ్ళతో మాత్రమే కడిగి బ్లీచింగు వాసన పోగొట్టాడు. నా స్పాంజి పిండిన బురదని టబ్బు నిండా చిలకరించాడు. ఆ మూడు చేపల్నే వదిలాడు, కొత్తవి తేలేదు. మేత చిటికెడు మాత్రం వేసేవాడు. ఉదయం లేవగానే దోసిట్లో నీళ్ళు చూసుకోవడం, ఊరుకోవడం. కంకర మీద జిగురు పట్టి, తోటకూర ముదురాకుపచ్చగా లేచాక అప్పుడు ఇంకో నాలుగు చేపలు తెచ్చాడు. ఒకటీ పోలేదు. నేను చేసింది చాలానే ఉంది, చెప్పుకునే అలవాటు లేదు.

కింది వాటాలో ఉండే లెక్కల మేష్టారి భార్య ఒక రోజు తోటకూర కట్ట పట్టుకెళ్తూ, ఇంట్లో ఇంత ఆకు ఎవరు పెంచారండీ అని అడిగింది. తాయారమ్మ నోరు తెరిచేలోపల పెద్దిరాజు అందుకున్నాడు.

“నేనేనండి. నా చేత్తోనే.”

ఆ మాట కోసమే ఇంతకాలం తిరిగాననిపించింది నాకు. అప్పటికే నా లోపలి చక్రం అరిగిపోయింది. మధ్యమధ్యలో కీచుమనడం మొదలుపెట్టాను. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నా వల్ల కాలేదు, ఆగిపోయాను. చాప మీద నిద్రపోతున్న మనిషి చటుక్కున లేచి కూర్చున్నాడు. నన్ను బయటికి తీసి, గోరుతో చక్రం తిప్పి చూసి, ఇంక చాల్లేవోయ్ అన్నాడు. అంత ఆప్యాయంగా నన్నెవరూ పిలవలేదు. కొత్త పంపు తెచ్చి, నా స్పాంజి విప్పి దాని నోటికి తొడిగాడు. కడగలేదు.

ఇప్పుడు నేను బాల్కనీలో తుప్పు మేకుల డబ్బాలో ఉన్నాను. పాత ఇనుము కొనేవాడి కేక వీధిలో వినబడినప్పుడల్లా ఇవాళ నా వంతేమో అనుకుంటాను. భయం లేదు. లోపల కొత్తవాడు గుర్రుమంటున్నాడు, పాపం, వాడికింకా ముందుంది.

ఈ పొద్దున పెద్దిరాజు బయల్దేరాడు. ఉండి దగ్గర చిన్న చెరువొకటి మళ్ళీ కౌలుకి చూసుకున్నాడు. మెట్లు దిగుతుంటే తాయారమ్మ బాల్కనీలోంచి, నా డబ్బా పక్కనే నిలబడి, బ్లీచింగు కొడతారా అని అడిగింది.

“కొడతాను. కొట్టి, ఆగుతాను.”

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి చేపలకి మేత వేసింది.