తెల్లరంగు కింద సోమవారం

"ఎందరో పిల్లల చేత అక్షరాలు దిద్దించిన చేతులివి," అని సమాధి పక్కన నిలబడి పాస్టరు అయ్యగారు అనగానే, వెనక గొడుగు పట్టుకున్న చర్చి గుమాస్తా ఉలిక్కిపడింది. పెట్టెలో ఉన్నది దర్జీ. ఆ మాటలు నాలుగు రోజుల కిందట పోయిన పంతులమ్మ గురించి రాసుకున్నవి. అయ్యగారు మాత్రం సగం మూసిన కళ్ళతో నల్లబల్ల గురించి, సుద్దముక్కల గురించి చెప్పుకుపోతూనే ఉన్నారు.

దర్జీ కూతురు తలెత్తింది. "మా నాన్నకి వేలిముద్ర వెయ్యడం తప్ప రాదండీ," అంది. గట్టిగా కూడా అనలేదు.

ఎవరో కిసుక్కున నవ్వి, దాన్ని దగ్గులా మార్చుకున్నారు. అయ్యగారు చేతిలో కాగితం వంక చూశారు, పెట్టె వంక చూశారు. "క్షమించమ్మా," అన్నారు. ఆ తర్వాత ప్రార్థన ఎలా ముగిసిందో ఎవరికీ గుర్తులేదు.

సాయంత్రం చర్చి ఆఫీసు గదిలో పెద్దలు కూర్చున్నారు. వాళ్ళ మాటలు రాసుకోవడానికి గుమాస్తా మూలన కూర్చుంది.

"పోయినవాడెవడో కూడా తెలియకపోతే ఎలా?" అన్నాడు సంఘపెద్ద. "అయ్యగారికి శ్రద్ధ తగ్గింది. ఆ మధ్య మా మనవరాలి పెళ్ళిలో కుర్చీలోనే కునికారు. వేరే ఆయన్ని చూసుకుందాం."

"అప్పుడు మాట్లాడుతున్నది మీరు కదా బాబాయ్, అందరం కునికాం," అంది మహిళా సంఘం అక్క. ఎవరూ నవ్వలేదు.

"తప్పు నాదే," అన్నారు అయ్యగారు. "ఏం చెప్పినా సాకే అవుతుంది."

గుమాస్తా కలం ఆగిపోయింది. ఆయన చెప్పనిది ఆమె ఒళ్ళోనే ఉంది, డైరీలో. సోమవారం అయ్యగారికి సెలవని జనవరిలో ఈ పెద్దలే తీర్మానించారు. ఏడాది పొడవునా ప్రతి సోమవారం మీదా ఆమే ఎర్రసిరాతో 'సెలవు' అని రాసింది. ఆ తర్వాత ఒకరు కొత్త ఇంట్లో ప్రార్థన అన్నారు, ఇంకొకరు ఆసుపత్రి అన్నారు. "ఈ ఒక్కసారికీ చూడు తల్లీ," అనేవారు. వైట్‌నర్ పూసి, ఆరేదాకా ఊది, పైన వాళ్ళ పని రాసేది. "నీ నోట లేదన్న మాటే రాదు, బంగారుతల్లివి," అనేవారు. ఆ మాట కోసమే పూసిందేమో. పోయిన సోమవారం అయ్యగారు చెప్పు పట్టీ పెట్టుకోవడానికి వంగి, అలాగే చాలాసేపు లేవలేదు. ఆమె చూసింది. చూసి కూడా, "పదింటికి ఇంకొకరున్నారండీ," అంది.

లేచి డైరీని బల్లమీద పెట్టి గోరుతో గీకింది. తెల్లటి పెచ్చు రాలి, కింద ఎర్రసిరా బయటపడింది. పేజీ తిప్పి ఇంకొకటి గీకింది.

"ఇది నేను చేశానండీ," అంది. "తొమ్మిది నెలల్లో ఆయనకి ఒక్క సోమవారం కూడా మిగల్చలేదు."

సంఘపెద్ద కళ్ళజోడు సర్దుకుని వంగాడు. "ఇది మా మనవరాలి..." అని, మిగతా మాట మింగేశాడు.

ఇకమీదట సోమవారం సోమవారమేనని మళ్ళీ తీర్మానించారు. వేరే ఆయన మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అందరూ వెళ్ళాక అయ్యగారు గుమ్మం దగ్గర ఆగారు. "ఆ రంగు కింద ఏముందో నాకు మాత్రం తెలియదా అమ్మా? 'మా అయ్యగారు పిలిస్తే పలుకుతారు' అని జనం అంటుంటే వినడానికి నాకూ బాగుండేది," అన్నారు, ఆమె మొహం చూడకుండానే.

సోమవారం పొద్దున్నే దర్జీ కూతురు వచ్చింది. "అయ్యగారున్నారా అక్కా? నాన్న గురించి ఒక్కసారి సరిగ్గా చెప్తారేమోనని."

గుమాస్తా చెయ్యి అలవాటుగా వైట్‌నర్ సీసా మీదికి వెళ్ళింది. ఇంతకంటే న్యాయమైన పని ఏముంటుంది? చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఈరోజు ఆయనకి సెలవమ్మా."

తీర్మానం సంగతి ఆ పిల్ల చెవినా పడినట్టుంది. "ఈ మాట పోయిన సోమవారమే ఎవరికైనా చెప్పుంటే బావుండేది కదక్కా."

గుమాస్తా కుర్చీ లాగింది. "కూర్చో. మీ నాన్న గురించి చెప్పు, రాసిపెడతాను. వచ్చే ఆదివారం అయ్యగారు అందరి ముందూ చెప్తారు."

"సూదిలో దారం ఎక్కించేటప్పుడు," అంది ఆ పిల్ల, "ఊపిరి బిగబట్టేవాడు. మమ్మల్నీ బిగబట్టమనేవాడు."

గుమాస్తా తల ఎత్తకుండా రాసుకుంది.