అందరూ చదివిన నంబర్

నేను ఒక నంబర్ ప్లేటును. అల్యూమినియం రేకు, నీలం పూత, దాని మీద తెల్ల అక్షరాలు. చదివినవాళ్లకు ఏ బండో తెలియడానికి నన్ను చేశారు. నాకు వేరే పని లేదు. ఒక ఆదివారం పొద్దున ముగ్గురు నన్ను దగ్గరగా చూసి చదివారు. ఆ మధ్యాహ్నం పోలీసు స్టేషన్‌లో రాసిన ఎఫ్‌ఐఆర్‌లో "గుర్తు తెలియని వాహనం" అని ఉంది.

హైదరాబాదులో, ఖైరతాబాద్ రవాణా ఆఫీసు దగ్గరి సందులో మక్బూల్ భాయ్ దుకాణంలో పుట్టాను. ఆయన ప్రతి ప్లేటు వెనక, కింది మూలన, సుత్తితో ఒక చుక్క కొడతాడు. పక్క దుకాణాల నాసిరకం పని తన మీదికి రాకుండా ఆ జాగ్రత్త. సొంత బండికి తెల్ల ప్లేటు, కిరాయి బండికి పసుపు ప్లేటు. విదేశీ దౌత్య కార్యాలయాల బండికి నీలం. మేం జంటగా తయారయ్యాం. ముందు ప్లేటును నేను, వెనక ప్లేటు నా జత.

తీసుకుపోవడానికి వచ్చినవాడు డ్రైవర్ ఎల్లేశం.

"భాయ్, జర సాఫ్‌గ గొట్టు. దీన్ని జూస్తే పోలీసోళ్లు సలాం గొడ్తరు," అన్నాడు.

"సలాం నాక్కాదు, నీకూ కాదు. రేకుకు గొడ్తరు," అన్నాడు మక్బూల్ భాయ్.

ఏ దేశం బండో చెప్పను. చెప్తే మీరు ఆ దేశాన్ని నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటారు. నేను చెప్పబోయే పనుల్లో చాలా వరకు చేసింది ఇక్కడివాళ్లు.

ఆ బండిలో తిరిగేది వైస్ కాన్సుల్, అంటే ఆ దేశపు కాన్సులేట్‌లో ఒక అధికారి. దురుసు మనిషి కాదు. వాచ్‌మన్‌కు థాంక్స్ చెప్తాడు. తెలుగులో ఒక్క మాట నేర్చుకున్నాడు, "పోదాం" అని. సిగ్నల్ ఎర్రగా ఉన్నా ఎల్లేశంతో ఆ మాటే అనేవాడు. మొదట్లో ఎల్లేశం ఆగేవాడు. తర్వాత మానేశాడు.

మా దారిలో ఉన్న కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబుల్ రాజమల్లు డ్యూటీ చేస్తాడు. మొదటి నెలలో అతను మా బండిని ఫోటో తీసి చలానా యంత్రంలో నంబర్ కొట్టాడు. ఆ యంత్రం మొదట రెండు అక్షరాలు అడుగుతుంది. నాకు మొదట అంకె ఉంటుంది. యంత్రం తీసుకోలేదు. రెండుసార్లు కొట్టి హెడ్ కానిస్టేబుల్‌కు చూపించాడు.

"నీలం ప్లేటు బండా? పోనియ్యవయ్యా. మనకెందుకు."

తర్వాత రాజమల్లు యంత్రం తీయడం మానేశాడు. కొన్నాళ్లకు ఫోన్ తీయడం కూడా మానేశాడు. ఆరో నెలలో సలాం కొట్టడం మొదలుపెట్టాడు. కొట్టమని అతనికి ఎవరూ చెప్పలేదు. రోజూ పొద్దున మాకు ఎదురుగా నిలబడి ఉండేవాడు కాబట్టి ఇదంతా నేను చూశాను. నాకు అసహ్యం మొదలైంది అక్కడే. ఆ బండి మనిషిని తొక్కక ముందే.

ఆదివారం ఎల్లేశానికి సెలవు. ఆ రోజు వైస్ కాన్సుల్ తనే బండి నడుపుకుంటూ టెన్నిస్‌కు పోతాడు. ఆగస్టులో ఒక ఆదివారం, ఆరు దాటి పది నిమిషాలు. లోపల అతను ఏం చేస్తున్నాడో నాకు తెలియదు, నాకు కనబడేది రోడ్డే. కూడలిలో సిగ్నల్ ఎర్రగా ఉంది. డివైడర్ పక్కన బుచ్చమ్మ వంగి ఊడుస్తోంది. వయసు యాభై రెండు. మునిసిపాలిటీ ఇచ్చిన నారింజ రంగు జాకెట్ వేసుకుంది. బండి ఆగలేదు.

ఆమెను తగిలినప్పుడు నా ఎడమ మూల మడత పడింది. జాకెట్ దారం ఒకటి ఆ మడతలో చిక్కింది. ముందు చక్రం ఆమె ఎడమ కాలి మీదుగా పోయింది.

అతను దిగాడు. బంపర్ ముందు కూర్చుని నన్ను చూశాడు. ఒక్క మరమేకు మీద వేలాడుతున్నాను. చేత్తో నొక్కి నిలబెట్టాలని చూశాడు. నిలబడలేదు. బుచ్చమ్మ మూడు గజాల దూరంలో ఉంది. అతను ఫోన్‌లో రెండు మాటలు మాట్లాడి, ఎక్కి, బండి వెనక్కి తీసి వెళ్లిపోయాడు. వెనక్కి తీసేటప్పుడు నేను రోడ్డు మీద పడ్డాను.

పాల బూత్ యాకయ్య పరుగెత్తుకొచ్చి నన్ను పైకి చదివాడు. పరుగు పందెం బందోబస్తుకు ఆ రోజు తొందరగా వచ్చిన రాజమల్లు కూడా చదివాడు. స్టేషన్‌కు ఫోన్ చేసి, "సార్, నీలం బండి" అన్నాడు. అవతల ఏమన్నారో నాకు వినబడలేదు. "సరే సార్" అని ఫోన్ పెట్టి, నన్ను బూటుతో డివైడర్ పక్కకు జరిపాడు. అంబులెన్స్ వచ్చి బుచ్చమ్మను తీసుకుపోయింది.

ఇక్కడ ఊడ్చేవాళ్ల పని తీరు ఒకటి చెప్పాలి. ఎనిమిది గంటలకు సూపర్‌వైజర్ ఊడ్చిన రోడ్డును ఫోటో తీసి పైకి పంపాలి. ఫోటోలో చెత్త కనబడితే ఆ జట్టు మొత్తానికి హాజరు పడదు. బుచ్చమ్మతో కలిసి ఊడ్చే కౌసల్య ఏడుంబావుకు పగిలిన బండి లైటు గాజు పెంకులు ఊడ్చింది. బండి టైరు జాడ మీద, నెత్తురు మీద మట్టి పోసి, ఆ మట్టి కూడా ఎత్తింది. ఏడుస్తూనే ఎత్తింది. నన్ను మాత్రం తోపుడు బండిలో వేయకుండా తన అన్నం సంచిలో పెట్టుకుంది. పది గంటలకు ఎస్సై దామోదర్ వచ్చి, స్థలంలో ఆనవాళ్లేమీ లేవని రాసుకుని వెళ్లాడు. ఎనిమిది గంటల ఫోటో ఇప్పటికీ ఉంటుంది. రోడ్డు బాగా ఊడ్చి ఉంది.

నాలుగో రోజు కౌసల్య నన్ను ఆసుపత్రికి తెచ్చింది. బుచ్చమ్మకు ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు.

"అక్కా, గీ రేకు ఆ బండిదే. నేనే దాసిన."

"మంచిగున్నది. కాలు పోయింది, రేకు దొర్కింది," అంది బుచ్చమ్మ. "చెత్తల ఎయ్యలేదేందే? నేను నాల్రోజులు లేకపోయేసరికి పని మర్చినవా?"

కౌసల్య నవ్వబోయి ఆగింది. బుచ్చమ్మ నన్ను ఒళ్లో పెట్టుకుంది. ఆమెకు చదువు రాదు. అక్షరాల మీద వేలు నడిపింది.

"వాడు దిగినప్పుడు నాకు సోయి ఉండె. నన్ను జూడలె పిల్లా. బండి మూతి జూస్కున్నడు. నా కాలు దొక్కినోడు ఎవడో కాయితం మీద ఉండాలె. గంతే. ఇంకేం అడుగుత లేను."

ఆమె కూతురు స్వరూప కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. వచ్చినవాళ్లను గోడ మీది అక్షరాలు చదవమని అడగడం ఆమె ఉద్యోగం. మర్నాడు నన్ను చీర ముక్కలో చుట్టుకుని స్టేషన్‌కు పోయింది. ఎస్సై దామోదర్ ముందు బల్ల మీద పెట్టింది.

"ఇది యాడిదమ్మా?"

"మా అమ్మను గుద్దిన బండిది సార్."

"పంచనామాల లేదు గదా. నువ్వు యాడికెల్లి తెచ్చినవో నాకేం తెలుసు."

"రాజమల్లు సార్ జూసిండు. పాల బూతాయన జూసిండు."

ఎస్సై నన్ను తిప్పి చూశాడు. నంబర్ చదివాడు. గొంతు తగ్గించాడు. "చూడమ్మా, వాళ్లకు ఇమ్యూనిటీ ఉంటది. ఖూనీ జేసినా మనం పట్టుకోలేం."

"పట్టుకోమంట లేను సార్. రాయమంటున్న."

"రాస్తే పైనుంచి ఫోన్ వస్తది."

"వస్తే ఎత్తి, రాసిన అని చెప్పున్రి."

ఆయన ఆ నంబర్ బండిని అప్పటికే పోయి చూశామని, దాని ప్లేటు దానికే ఉందని ఫోన్‌లో ఒక ఫోటో చూపించాడు. తెల్ల బండి. ముందు నీలం ప్లేటు. నా నంబరే. మడత లేదు, గీత లేదు. నాకు తమ్ముడు పుట్టాడని అలా తెలిసింది.

స్వరూప అక్కడినుంచి నేరుగా ప్లేట్లు చేసే సందుకు పోయి, దుకాణం దుకాణంలో నన్ను చూపిస్తూ మక్బూల్ భాయ్ దగ్గరికి వచ్చింది. ఆయన నా వెనక చుక్కను వేలితో తడిమాడు.

"నాదే. సోమారం పొద్దున ఎల్లేశం వచ్చి ముందుది ఒక్కటే మళ్ల జేయమన్నడు. పాతది ఏమైందంటే, పడిపోయిందన్నడు. ముఖం మంచిగ లేకుండె." నన్ను ఆమె చేతికి తిరిగిచ్చాడు. "నేను చెప్త బేటీ. రాస్కునేటోడు ఉండాలె గదా."

రాసుకునేవాడు పదకొండు నెలలు దొరకలేదు. ఆ పదకొండు నెలలూ నేను కౌసల్య ఇంట్లో బియ్యం డ్రమ్ము పగిలిన మూత మీద అడ్డుగా ఉన్నాను. ఎలుకలు రాకుండా పైన ఒక రాయి పెట్టేది. ఆ పని కూడా సరిగానే చేశాను.

ఆరో వారంలో స్వరూప కోర్టులో ఉచిత న్యాయ సహాయం చేసే వకీలు కాత్యాయనిని కలిసింది. ఆ సాయంత్రం కౌసల్య ఇంట్లో, నా మీద మోచెయ్యి పెట్టుకుని, వకీలు చెప్పిందంతా కౌసల్యకు చెప్పింది. ఎంబసీలో ఉండే దౌత్యవేత్తకు ఉన్న రక్షణ వేరు, కాన్సులేట్ అధికారికి ఉన్నది వేరు. కాన్సులేట్ అధికారికి ఉద్యోగ పనిలో చేసినవాటికే రక్షణ. టెన్నిస్‌కు పోవడం ఉద్యోగ పని కాదు. పైగా దేశాలన్నీ కలిసి రాసుకున్న ఒప్పందంలో బండి ప్రమాదాల గురించి విడిగా ఒక వాక్యం ఉంది. బండి వల్ల నష్టపోయినవాళ్లు వేసే దావాకు ఆ రక్షణ అడ్డు రాదు. పూర్తి రక్షణ ఉన్న దౌత్యవేత్త అయినా, ఆ రక్షణ వదులుకోమని అతని దేశాన్ని అడగవచ్చు. అడగాలంటే స్టేషన్ నుంచి పైకి, పైనుంచి ఢిల్లీకి ఒక ఉత్తరం పోవాలి. ఉత్తరం మొదటి వరుసలో బండి నంబర్ ఉండాలి.

అంటే దామోదర్ భయపడిన అడ్డు అక్కడ లేదు. ఉందని ఆయనకు ఎవరో చెప్పారు, వాళ్లకు ఇంకెవరో చెప్పారు. ఎవరూ పుస్తకం తెరవలేదు. రక్షణ ఉందో లేదో వైస్ కాన్సుల్ తేల్చుకోవాల్సిన అవసరమే రాలేదు. అతన్ని ఎవరూ అడగలేదు.

స్వరూప ఈ మాట స్టేషన్‌లో చెప్పడానికి పోయిన రోజున దామోదర్ బందోబస్తులో ఉన్నాడు. వైస్ కాన్సుల్‌కు బదిలీ అయింది. హోటల్లో అతని వీడ్కోలు సభకే ఆ బందోబస్తు. పోలీసు అధికారులు శాలువా కప్పారు. మర్నాడు అతను విమానం ఎక్కాడు. ప్రమాదం జరిగి అప్పటికి నలభై ఒక్క రోజులు. ఇదంతా తర్వాత ఎల్లేశం చెప్పాడు. అతను ఒక సాయంత్రం కౌసల్య ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అక్కా, కొత్త ప్లేట్ బిగించింది నేనే. నౌకరీ పోతదని బిగించిన. ఇయ్యాల పిలిచినా వచ్చి చెప్త."

"లోపలికి రా. నిలబడి చెప్తే నౌకరీ మిగుల్తదా?" అంది కౌసల్య.

కాత్యాయని మేజిస్ట్రేట్ ముందు పిటిషన్ వేసింది. వాయిదాలు పడ్డాయి. పదకొండో నెలలో, నన్ను స్వాధీనం చేసుకుని ఎఫ్‌ఐఆర్ సరిచేయమని కోర్టు స్టేషన్‌కు చెప్పింది. అప్పటికి దామోదర్‌కు కూడా బదిలీ అయింది. సరిచేసే కాగితం రాయడానికి కూర్చున్నవాడు ఒక హెడ్ కానిస్టేబుల్. బుచ్చమ్మ చంకల్లో కర్రలతో వచ్చింది. ఆటో దిగి మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది.

నన్ను బల్ల మీద పెట్టారు. బుచ్చమ్మ చెయ్యి చాపింది. నా మడతలో నారింజ దారం ఇంకా ఉంది. దాని కోసం.

"ముట్టుకోవద్దమ్మా," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "అది సాక్ష్యం."

"ఇన్నొద్దులు బియ్యం మీద ఉండె సారూ. అప్పుడు ఏముండె అది?"

ఆయన తల వంచుకుని రాశాడు. స్వరూప ఒక్కొక్క అక్షరం, ఒక్కొక్క అంకె చదివింది, ఆయన రాశాడు. దుకాణంలో ఇంకొకరి చేత చదివించే పిల్ల, ఆ రోజు తనే చదివింది.

"రాసిన్రా?" అంది బుచ్చమ్మ.

"రాసినం."

"సదువున్రి."

చదివాడు. తేదీ, సమయం, కూడలి, నా నంబర్. తర్వాత ఆగాడు.

"నడిపినోని పేరు?"

"ఆ గీటు ఖాళీ పెట్టినం అమ్మా. పేరు కోసం పైకి రాయాలె. ఆయన దేశంల లేడు గదా."

"ఉన్నప్పుడు రాసిన్రా?"

హెడ్ కానిస్టేబుల్ సిరా పెట్టె బుచ్చమ్మ ముందుకు జరిపాడు. ఆమె సంతకానికి బదులు వేలిముద్ర వేసింది. స్వరూప గుడ్డ ఇస్తే వేలు తుడుచుకుంది. "పేరు వచ్చినంక మల్ల వస్త. ఆ ఖాళీ జాగల ఇంకోటేం రాయకున్రి," అని కర్రలు అందుకుంది.

ఇప్పుడు నేను స్టేషన్ వెనక గదిలో, మూటగట్టిన సామాన్ల మధ్య ఉన్నాను. నాకు ఒక చీటీ కట్టారు. చీటీ మీద కేసు నంబర్ ఉంది. పేరు కోసం పంపిన ఉత్తరం ఎంతవరకు పోయిందో ఈ గదిలో ఎవరికీ తెలియదు. బుచ్చమ్మ నెలకోసారి వస్తుంది. గోడ అవతల ఆమె కర్రల చప్పుడు వినిపిస్తుంది. వచ్చిందా అని అడుగుతుంది. రాలేదంటారు.

నా తమ్ముడు అదే రోడ్డు మీద, కొత్త వైస్ కాన్సుల్ బండికి ఉన్నాడు. నీలం బండి ఇప్పుడైనా సిగ్నల్ దగ్గర ఆగుతోందా అని మొన్న స్వరూప రాజమల్లును అడిగింది. నా గది కిటికీ కిందే నిలబడి మాట్లాడుకున్నారు.

రోజూ ఆ కూడలిలోనే నిలబడే రాజమల్లు, తను చూడలేదని చెప్పాడు.