రెండు తలల పురుగు

తాండూరులో బండలు కోసే మిషన్ కింద పడి పాండు కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. గాయం మానింది గానీ అతను ఇల్లు కదలడం మానేశాడు. తల్లి సంతోషమ్మ ఆశంతా కూతురు రెబెక్క మీదే. వికారాబాద్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే రెబెక్క, ముక్కలు చేసినా మళ్లీ నిండుగా పెరిగే చదును పురుగుల మీద పరిశోధన చేస్తోంది. "మా బిడ్డ తెగిన ఏళ్లు మొలిచే మందు కనిపెడుతున్నది" అని సంతోషమ్మ తమ ఊరు యాలాల్‌లో కనపడ్డవాళ్లకల్లా చెప్పింది.

ఆ మాట రెబెక్క చెవిన పడింది. ఆదివారం ఇంటికొచ్చి, తమ్ముణ్ని బతిమాలి తన ల్యాబ్‌కు తీసుకెళ్లింది.

పాండు మైక్రోస్కోప్‌లోకి చూశాడు. గోధుమరంగు పురుగు. రెండు కొసలా తలలే. ఒకటి ఇటు లాగుతోంది, ఇంకోటి అటు.

"గిదేందక్కా, తోక లేదు?"

"నడుమ కోస్తే, 'గీడ తోక రావాలె' అని ఒక జన్యువు ఎనక కొసకు కబురు పంపుతది. కోసేముందే పురుగులు తినే కార్జంల మందు అసొంటిది కలిపి తినిపించి గా జన్యువును ఆపినం. కబురు అందలే. తోక కాడ గూడ తలనే మొలిచింది."

"గా జన్యువు మనకు లేదా?"

"ఉన్నది. కానీ ఏ అవయవమన్న కట్టే కణాలు పురుగు ఒళ్లంత ఉన్నయి. మనకు గట్ల లేవు."

పాండు కన్ను తీయకుండానే అడిగాడు. "అంటే నా ఏళ్లు రావు."

"రావు తమ్మీ."

ఏడుస్తాడనుకుంది. ఏడవలేదు. "అందరు 'అంత మంచిగైతది' అన్నోళ్లే. నువ్వొక్కదానివే ఉన్నదున్నట్టు సాఫ్ చెప్పినవ్," అన్నాడు.

బస్టాండ్ దగ్గర హోటల్లో భోజనానికి కూర్చున్నారు. దెబ్బ తగిలినప్పటి నుంచి అతనికి తల్లే కలిపి తినిపిస్తోంది. రెబెక్క పళ్లెం వైపు చేయి చాపితే వద్దన్నాడు. పక్కవాళ్లు చూస్తుండగానే ఎడమచేత్తో అన్నం కలుపుకున్నాడు. మెతుకులు సగం అంగీ మీద పడ్డాయి. అయినా పళ్లెం ఖాళీ చేశాడు.

ఇంటికెళ్లి, వేళ్లు ఇక రావని తల్లికి తనే చెప్పాడు. సంతోషమ్మ కోపమంతా కూతురి మీదికి పోయింది. చాన్నాళ్లు ఫోనెత్తలేదు. ఓ సాయంత్రం తనే చేసింది.

"పాండు మల్ల పనికి పోయిండు. లారీల లోడు చూసుకుంటడట. మిషన్ జోలికి పోనన్నడు."

"మంచిదే గదమ్మా."

"ఈ వారం వస్తవా బిడ్డా?" అని సంతోషమ్మ అడిగింది.