మూడో వరుస నవ్వు

ఆదివారం మధ్యాహ్నం ఈనిడ్ మొగుడి చొక్కా ఇస్త్రీ చేస్తూ నవ్వుతోంది. నవ్వొచ్చి కాదు, అది కూడా ఇస్త్రీలాంటి పనే కాబట్టి. సిరిల్ కిటికీ పక్కన కుర్చీలో పైపు కాలుస్తూ, సాయంత్రం రేడియో కోసం రికార్డు చేయాల్సిన హాస్య కార్యక్రమం కాగితాలు పైకి చదువుతాడు. ఆమె నవ్విన చోట పెన్సిలుతో టిక్కు పెడతాడు, నవ్వని చోట కొట్టేస్తాడు. పదకొండేళ్లుగా దేశాన్నంతా నవ్విస్తున్న సిరిల్ ప్యాజెట్ హాస్యం ముందు ఈ ఇస్త్రీ బల్ల దగ్గర పాసవ్వాల్సిందే. ఆ సంగతి రేడియోలో ఎవరూ చెప్పరు. చివర్లో అనౌన్సరు గంభీరంగా "రచన, సిరిల్ ప్యాజెట్" అంటాడు, అంతే.

పైగా ఆ హాస్యమంతా ఆమె మీదే. ఆమె టోపీలు, ఆమె తల్లి, మాంసం మీద పోసుకోవడానికి ఆమె కాచే గ్రేవీ. "మా ఆవిడ గ్రేవీ పోయదు, ముక్కలు కోసి పెడుతుంది" అన్న మాట రేడియోలో వచ్చిన మర్నాడు మాంసం కొట్టతను, గ్రేవీ కోయడానికి కత్తి కూడా పొట్లం కట్టమంటారా అని అడిగాడు. క్యూలో ఆడవాళ్లంతా నవ్వారు. ఈనిడ్ కూడా నవ్వి, ఇంటికొచ్చాక చాలాసేపు కోటు విప్పకుండా వంటింట్లో నిలబడింది. సిరిల్‌తో చెబితే, "మంచిదేగా, జనానికి గుర్తుందన్నమాట" అన్నాడు. అత్తగారైతే, "సరదాకన్న మాటకి మొహం ముడుచుకుంటే ఎలా అమ్మాయ్? వాడు నీ గురించి కాక పక్కింటావిడ గురించి చెప్పాలా?" అంది. నిజానికి ముక్కలు కోయాల్సిన గ్రేవీ ఆ అత్తగారిదే. ఈనిడ్ ఆ మాట ఎన్నడూ బయట పెట్టలేదు.

ఈనిడ్ నవ్వు మామూలు నవ్వు కాదు. మొదలైతే పక్కవాళ్లని ఊరుకోనివ్వదు. ఆ గుణం మొదట కనిపెట్టినవాడు ప్రొడ్యూసర్ లోమాక్స్. రికార్డింగు హాల్లో మూడో వరుస మీద పైనుంచి వేలాడే మైకు కింద ఆమెకొక సీటు ఖాయం చేశాడు. ఆమె నవ్వితే మూడొందల మంది నవ్వుతారు, ఆ మూడొందల మందితో పాటు ఇళ్లలో కూర్చున్న లక్షల మంది నవ్వుతారు. అందుకని జలుబు చేసినా వెళ్లాలి, కాలు బెణికినా వెళ్లాలి. తల్లి పోయిన వారం కూడా వెళ్లింది. ఆ వారం కాగితాల్లో సిరిల్ తన అత్తగారి మీద, అంటే ఆ పోయినావిడ మీదే, రాసిన జోకులు నాలుగున్నాయి. ఒక్కటైనా తీసేయాలని అతనికి తోచలేదు. ఆ నాలుగు జోకులకీ ఆమె నవ్వింది. అందుకు ఈనిడ్ అతన్ని క్షమించలేదు, తనని తాను అసలే క్షమించుకోలేదు.

ఇప్పుడు సిరిల్ చదువుతున్న పేజీలో ఆమెకి తన మాటే వినిపించింది. పది రోజుల కిందట అతనికి కాస్త జలుబు చేసి, భోజనాల బల్ల దగ్గర పైపు పొగ మధ్య కూర్చుని, నేను పోతే నువ్వేం చేస్తావని దీనంగా అడిగాడు. ముందు కిటికీ తీస్తానంది ఈనిడ్. అతను నవ్వలేదు, కవరు వెనక రాసుకున్నాడు. ఇప్పుడది కార్యక్రమంలో భార్య వేషం వేసే మ్యూరియల్ నోట్లోకి చేరింది. ఈనిడ్‌కి ఈసారి నిజంగానే నవ్వొచ్చింది. సిరిల్ మాత్రం టిక్కు పెట్టలేదు.

"సాయంత్రం అక్కడ నవ్వకు," అన్నాడు. "అది మెట్టు మాత్రమే. దాని మీద ఎక్కి నేను గ్రేవీ మాట అంటాను. మెట్టు దగ్గరే నవ్వేస్తే నా మాట చచ్చిపోతుంది."

"మరి మ్యూరియల్ సంగతి?"

"ఆవిడకిదే ఆఖరి ఆదివారమేమో. ఆవిడ మాటలకి ఎవరూ నవ్వడం లేదని లోమాక్స్ అంటున్నాడు. వచ్చే వారం నుంచి భార్య ఉంటుంది గానీ మాట్లాడదు. అన్నీ నేనే చెబుతాను. ఇంకా బాగుంటుంది."

ఈనిడ్ చొక్కా కాల్చలేదు. కాలరు తిప్పి రెండోవైపు కూడా చక్కగా ఇస్త్రీ చేసి హ్యాంగరుకి తగిలించింది.

హాల్లో మ్యూరియల్ కాగితంతో మైకు ముందుకొచ్చింది. పదకొండేళ్లుగా ఆమెకిచ్చినవి భోజనం తయారైందని చెప్పే, ఎక్కడికెళ్లావని అడిగే మాటలే. వాటికెవరు నవ్వుతారు? నేను పోతే నువ్వేం చేస్తావని సిరిల్ దీనంగా అడిగాడు. మ్యూరియల్ తొందరపడలేదు, ఒక్క క్షణం ఆగి, "ముందు కిటికీ తీస్తాను" అంది. మూడో వరుసలోంచి ఈనిడ్ నవ్వింది. తలెత్తి, నేరుగా మైకులోకి నవ్వింది. హాలంతా అందుకుంది. వెనక వరుసల్లో ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. సిరిల్ రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. నవ్వు సద్దుమణిగాక గ్రేవీ మాట అన్నాడు. ఈనిడ్ రుమాలు మడత పెట్టుకుంటోంది. ఎవరో దగ్గారు.

అయిపోయాక లోమాక్స్ మెట్ల దగ్గర కలిశాడు. "ఇవాళ మీ నవ్వు కాస్త ముందే వచ్చేసిందండీ, మిసెస్ ప్యాజెట్."

"లేదండీ," అంది ఈనిడ్, "పదకొండేళ్లు ఆలస్యమైంది."

మర్నాడు పొద్దున లోమాక్స్ ఫోన్ చేశాడు. మ్యూరియల్ ఉంటుంది, వచ్చే వారం ఆమెకి ఎనిమిది మాటలు కావాలి, అన్నీ ఆ కిటికీ మాటలా ఉండాలన్నాడు. సిరిల్ వంటింటి బల్ల దగ్గర తెల్లకాగితం ముందేసుకుని గంటసేపు పెన్సిలు కొరికాడు. ఈనిడ్ టిఫిన్ పళ్లేలు కడుగుతోంది.

"నాకు జలుబు చేసిన రోజు ఇంకేమైనా అన్నావా?" అన్నాడు చివరికి, ఆమె వైపు చూడకుండా.

"అన్నాను. నువ్వు రాసుకోనివి చాలా ఉన్నాయి." సబ్బు చేతులు తుడుచుకుని ఏప్రన్ విప్పి అతని ఒళ్లో పడేసింది. "లే. ఇంకా ఆరు పళ్లేలున్నాయి, మూకుడు నానబెట్టాను."

అతను లేచాడు. ఈనిడ్ ఆ కుర్చీలో కూర్చుని, పెన్సిలు అందుకుని, ఒక్క జోకైనా రాయకముందే కాగితం పైన, ప్యాజెట్ అని కాకుండా పెళ్లికి ముందు తల్లి ఇంట్లో ఉన్నప్పటి తన పేరుతో, స్పష్టంగా రాసింది: రచన, ఈనిడ్ హార్కర్.