పొడుగుకాళ్ల దోమలు లేచిన తావు

నాకు తిక్క జాస్తి. ఊరోళ్లు ఎట్లాగూ చెప్తారు గదా, నేనే ముందు చెప్పేస్తాండా. నా పేరు జమాల్ సాబ్. ముదిగుబ్బకు పది కిలోమీటర్ల అవతల మూడెకరాల చీనీతోట నాది, బత్తాయి అంటారే, అదే. దాన్ని ఇప్పుడు తోట అనేదానికి కూడా సిగ్గయితాది. రెండేండ్లుగా వాన లేదు. బోర్లు మూడూ ఎండిపోయినాయి. రెండొందల చెట్లలో పచ్చగా ఉండేది ఇంటెనక చెట్టొక్కటే.

ఆ చెట్టు కింద ఒకనాడు పొద్దున్నే పొడుగుకాళ్ల దోమలు కనపడినాయి. కుట్టే దోమలు కావప్పా అవి. వేలెడు కాళ్లు, సన్న నడుము. పట్టుకుంటే ఒక కాలు మన చేతిలో ఇడిసిపెట్టి పోతాయి. పురుగుగా ఉన్నన్ని నెలలూ తడిమట్టిలోనే ఉంటాయంట. రెక్కలొచ్చినంక తిండి గిండి ఏమీ లేకుండా నాలుగు దినాలు బతికి, మళ్లా తడి చూసుకుని గుడ్లు పెట్టి చచ్చిపోతాయంట. మాయమ్మ అమీర్ బీ చిన్నప్పుడు చెప్తాండె.

చూస్తాండంగానే పాదులో మట్టి పగిలి ఒకటి పైకొచ్చింది. పొట్టులోంచి ఒక్కొక్క కాలే లాక్కుంటాంది. నేను మట్టి గిల్లి చూస్తే చల్లగా ఉండాది. ఊరంతా బీటలిచ్చి ఉంటే ఈ తడి యాడిది? కింద నీళ్లుంటేనే గదా! నాకు ఏడుపొచ్చింది, దాచుకునేదేముంది.

మాయమ్మ నాలుగు దినాల ముందే కదిరికి పోయిండె, మా చెల్లెలు సిమ్రాన్ కానుపుకని. ఫోన్ చేద్దామనుకుని ఆగినా. నీళ్లు పడినంక చూపించాలని ఆశ.

టెంకాయతో నీళ్లు చూసే ఓబుళేసును పిలిస్తి. అరచేతిలో టెంకాయ పెట్టుకుని తోటంతా తిరిగినాడు. ఆ చెట్టు కాడ టెంకాయ కదల్లేదు. ఈడ రాయి తప్ప ఏమీ లేదు, వద్దన్నాడు. నీ టెంకాయ కంటే ఆ పురుక్కే బుద్ధెక్కువని తిట్టి పంపిస్తి.

ఉన్న గొర్రెలన్నీ అమ్మేసి బోరుబండి తెప్పిస్తి. ఇదే ఆఖరు. దీంట్లో పడకపోతే తోట లేదు, ఊర్లో మేమూ లేము. బండి నిలబెట్టేదానికి చెట్టు అడ్డమనిరి. నీళ్లొస్తే ఇట్లాటివి వంద నాటుకోవచ్చులే అని గొడ్డలి నేనే ఎత్తినా. పాదు పక్కన ఒక పరుపురాయి ఉండె, నున్నగా అరిగిపోయి. అది ఆడెందుకు ఉండాదో నా మొద్దు బుర్రకు తోచలేదు. దొర్లించి పారేస్తి.

మూడొందల అడుగుల కాడ దుమ్ము. ఆర్నూర్ల కాడ దుమ్ము. వెయ్యి కాడా తెల్లదుమ్మే. ఇంకొంచెం తోలండప్పా అని కాళ్లావేళ్లా పడినా. కడ్డీలు ఇంక లేవని చెప్పి వాళ్లు పోయినారు.

మూడోనాడు మాయమ్మ వచ్చింది. సంచి ఇంట్లో పెట్టి, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే కొమ్ముచెంబు తీసుకుని నేరుగా ఇంటెనక్కు పోయింది. పోయి, ఆన్నే నిలబడిపోయింది.

"చెట్టేది రా? నా రాయేది?"

దోమల సంగతి, తడి సంగతి అంతా చెప్పినా. ఆమె తిట్టలేదు. తిట్టింటే బాగుండు.

"ఆ తడి నాది రా జమాలూ. తాగే నీళ్లలో మిగిలించుకుని, దినానికి ఐదుసార్లు ఆ రాతి మీద కూర్చోని వజూ చేసుకుంటాంటి. ఒక చెట్టన్నా బతుకుతాదని."

రెండేండ్లు చేసిందంట. నేను చీకటితో ఇంకొకరి ట్రాక్టరు తోలేదానికి పోయి చీకటిపడినంక వచ్చేవాణ్ణి. ఒక్కపూటా చూడలేదు. నేను ఒక్క ఫోన్ చేసింటే చెప్పింటుండె. చేతులు కాలినంక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

మోడు పక్కన పొడుగుకాళ్ల దోమ ఒకటి మిగిలిండె. నాలుగు కాళ్లే ఉండాయి దానికి. తోకతో ఆ తెల్లదుమ్ములో పొడిచి, లేచి, ఇంకో తావున పొడుస్తాండె. యాడా తడి లేదు.

మధ్యాన్నం నమాజు వేళయింది. చెంబులో ఉండే గుక్కెడూ తాగేసింటిమి, కడవలోనూ చుక్క లేదు. నీళ్లు దొరకనప్పుడు మట్టితోనే శుద్ధి చేసుకోవచ్చని మాలో ఉండాది. మాయమ్మ బోరు దుమ్ము కుప్ప కాడ కూర్చోని, రెండు చేతులూ దాంట్లో అద్ది మొగానికి రుద్దుకునింది, మోచేతుల దాకా రుద్దుకునింది. తర్వాత కొంచెం పక్కకు జరిగి నాకు తావిచ్చింది.