డౌన్‌డౌన్ అంకుల్

యజ్ఞనారాయణని ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళ పిల్లలందరూ డౌన్‌డౌన్ అంకుల్ అని పిలిచేవారు. ఆ పేరు రావడానికి కారణం దామోదర్.

డెబ్భై ఎనిమిదిలో, అమెరికాలో దిగిన కొత్తల్లో, సీనియర్ పిలిచాడు కదా అని దామోదర్ వెంట కాలేజీ ఫుట్‌బాల్ చూడ్డానికి వెళ్ళాడు యజ్ఞనారాయణ. బంతి పది గజాలు ముందుకెళ్ళిందని మైకులో ‘ఫస్ట్ డౌన్’ అనగానే జనమంతా లేచి ‘డౌన్’ అని అరిచారు. ఆంధ్రాలో కాలేజీ సమ్మెల్లో తప్ప అంత గుంపుని అతనెన్నడూ చూడలేదు. ఎవరికో వ్యతిరేకంగా నినాదం అనుకుని, పిడికిలి బిగించి ‘డౌన్ డౌన్’ అంటూ గొంతు కలిపాడు. ఆపైన, ఎవరు రాజీనామా చెయ్యాలిట అని దామోదర్ చెవిలో అడిగాడు.

ఆ ముక్కని దామోదర్ ఏళ్ళ తరబడి ప్రతి విందులోనూ వడ్డించాడు. యజ్ఞనారాయణ పైకి నవ్వి ఊరుకునేవాడు. కానీ కొత్తగా కాపరానికొచ్చిన అతని భార్య పద్మిని ముందు కూడా దామోదర్ వదల్లేదు. పిడికిలెత్తి మరీ చేసి చూపించాడు. పద్మిని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. ఆ నవ్వు యజ్ఞనారాయణకి ముల్లులా గుచ్చుకుని అక్కడే ఉండిపోయింది.

అప్పటికి అతను వేరే యూనివర్సిటీ ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నాడు. దామోదర్ ఉండే అరోరా అనే ఊరి నుంచి కార్లో రెండు గంటలు. ఎనభై నాలుగు వేసవిలో దామోదర్ ఇంట్లో భోజనాలయ్యాక స్టేడియాల మాట వచ్చింది.

“మీ ఊరిదీ ఓ స్టేడియమేనటోయ్? మాది బావిలాంటిది. అరుపు కింద నుంచి లేచి గుండెల్లో తన్నుతుంది. మీవాళ్ళు ఎంత అరిచినా గాలికి పోతుంది” అన్నాడు దామోదర్.

“అక్టోబర్‌లో మీ టీమ్ మా ఊరొస్తోంది దామోదర్ గారూ. టికెట్లు నేను బుక్ చేస్తాను. మీ టీమ్ రంగు ఎర్ర స్వెటర్ మాత్రం మర్చిపోకండి” అన్నాడు యజ్ఞనారాయణ.

దామోదర్ ఎరిగిన స్టేడియంలో పెద్దమనుషులు టైలు కట్టుకుని వచ్చేవారు. కారు డిక్కీ మీద చల్లటి చికెన్ పరిచి, అవతలి టీమ్ వాళ్ళకి కూడా కాఫీ పోసేవారు. ఎక్కడైనా అంతే అనుకున్నాడు. యజ్ఞనారాయణ ఊళ్ళో మాత్రం మెట్లు నిటారుగా ఉంటాయి, అరుపు నెత్తిమీద పడుతుంది. పొద్దుటినుంచీ బీరు తాగిన స్టూడెంట్లు, తమ వరసల్లో అవతలి టీమ్ రంగు కనబడితే ఆ మనిషిని ఎత్తి, చేతుల మీదుగా చిట్టచివరి వరస దాకా పంపిస్తారు. యజ్ఞనారాయణ కిందటేడు అది కళ్ళారా చూశాడు. ఏరికోరి ఆ వరసల్లోనే టికెట్లు కొన్నాడు.

అక్టోబర్‌లో ఆ రోజు పద్మినితో సహా ముగ్గురూ ఆ వరసల్లో కూర్చున్నారు. ఆట సగానికి రాకముందే ఓ దిట్టమైన కుర్రాడు యజ్ఞనారాయణ వైపు వంగి, దామోదర్‌ని చూపిస్తూ, ఈయన మీతో వచ్చారా సార్ అని మర్యాదగానే అడిగాడు. దామోదర్ చిరునవ్వుతో యజ్ఞనారాయణ వైపు తిరిగాడు.

“నో” అన్నాడు యజ్ఞనారాయణ. “ఈయనెవరో నాకు తెలీదు.”

ఆ నవ్వు మొహం మీద ఉండగానే దామోదర్ గాల్లోకి లేచాడు. బియ్యం బస్తాలా వెల్లకిలా, చేతినుంచి చేతికి, పైకి. బూటు ఒకటి జారి ఎవరి ఒళ్ళోనో పడింది. “యజ్ఞం, వీళ్ళకి చెప్పవోయ్!” అన్న కేక రెండుసార్లు వినబడింది. యజ్ఞనారాయణ ఆటనే చూస్తూ కూర్చున్నాడు. పక్కనున్న పద్మిని భర్త మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. చెప్పండి అని ఆమె బతిమాలుతుంటే అతను స్కోరుబోర్డు వైపు తల తిప్పాడు.

దీపావళికి అందరూ కలిశారు. దామోదర్ నోరు తెరవకముందే యజ్ఞనారాయణ మొదలుపెట్టాడు. బస్తా సంగతి, బూటు సంగతి, ఆ కేక, ఏదీ వదల్లేదు. దామోదర్ తలొంచుకుని ప్లేటులో పులిహోర కెలుకుతున్నాడు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. పద్మిని ఒక్కతే నవ్వలేదు.

తిరిగొస్తూ కార్లో అంది, “ఇంక చాల్లెండి. ఆయన పిల్లలు కూడా వింటున్నారు.”

“నువ్వు నవ్వలేదేం?”

ఆమె కిటికీ వైపు తిరిగింది. యజ్ఞనారాయణ దారి చూస్తూ, వచ్చే శనివారం గోపాల్ గారింట్లో భోజనాలున్నాయని గుర్తుచేసుకున్నాడు. కిందనుంచి చూస్తే దామోదర్ కాళ్ళు ఎలా కొట్టుకున్నాయో ఇవాళ సరిగా చెప్పలేకపోయాడు. ఈసారి లేచి నిలబడి చేసి చూపిస్తాడు. ఆమె నవ్వేదాకా చెబుతూనే ఉంటాడు.