మంచు గోదాములో పెళ్లి పాలికలు

ఇలా దగ్గరికి రండి. కరెంటు ఎలాగూ లేదు, ఆ ఫ్యాను కింద కూర్చుని ఏం లాభం? నా మంచం పక్కకి జరగండి. అహ్లోన్ రేవులో మంచు మీద మొలకలు మొలిపించిన మహానుభావుడి సంగతి చెబుతాను.

రేవు పక్కన మన పాత బియ్యం గోదాము ఉంది కదా, దాన్ని ఎవరో కంపెనీవాళ్లు తీసుకుని పరిశోధన కేంద్రమని బోర్డు పెట్టారు. లోపలంతా గడ్డకట్టిన మట్టి, దాని మీద మోకాలిలోతు మంచు. ఆ మంచు ఎడారిని మనుషులు బతికే నేలగా మార్చడం ఇక్కడ నేర్చుకుని, తర్వాత ఏదో గ్రహానికి పోయి అక్కడ చేస్తారట. ఊరంతా ఎండకి తడిగుడ్డలు కప్పుకుని పడుకుంటే, వీళ్లు నాలుగు జనరేటర్లు పెట్టి చలి తయారుచేసేవారు. తయారుచేసిన చలిని మళ్లీ ఎలా పోగొట్టాలా అని తలలు పట్టుకునేవారు. తలుపు తీస్తే సరిపోయేది!

పదకొండు నెలలైనా ఆ మట్టిలో గడ్డిపోచ మొలవలేదు. దానికి పెద్ద డాక్టరు రాజమోహన్. మన వీధిలో పుట్టినవాడే, అయినా తెలుగు వినపడితే చెవిలో నీళ్లు పడ్డట్టు మొహం పెట్టేవాడు. అందరూ బర్మావాళ్లలా ‘సయా’ అని పిలవాలి, అంటే అయ్యవారు. మా కోడలు కోటేశ్వరి అక్కడ నేల తుడిచేది.

తింజాన్ నీళ్ల పండగ అయిన వారానికి మా మనవరాలు ఆశ పెళ్లి. అయిదుగురు ముత్తయిదువులు అయిదు మట్టి పాలికల్లో నవధాన్యాలు చల్లితే, ఆ ఎండకి రెండు రోజుల్లో మాడిపోయాయి. పెళ్లికొడుకు మేనత్త సుధామణి పందిట్లోకి రాగానే చూసేది పాలికలే. అవి బాగాలేకపోతే ముహూర్తం మార్చమంటుంది. పెళ్లికొడుకు వీరన్న సోమవారం ఓడ ఎక్కాలి, ఎక్కితే మళ్లీ ఏడాదికి గాని దిగడు.

అందుకని కోటేశ్వరి మళ్లీ ధాన్యం చల్లించి, పాలికల్ని ఆ కేంద్రం బయటి గదిలో పెట్టింది. తలుపు సందులోంచి వచ్చే చల్లదనానికి అయిదు రోజుల్లో బెత్తెడు పచ్చగా లేచాయి. తీరా పెళ్లికి ముందురోజు తెస్తానని వెళ్లినది ఏడుస్తూ వచ్చింది.

“అత్తా, పాలికలు మంచులో కప్పెట్టీసినాడు!”

“ఎవడు?”

“డాక్టరు సయా. డబ్బులిచ్చేవోళ్లు చూడ్డానికొచ్చినారు. తనే మొలిపించినానని చెప్తన్నాడు.”

“మరి నువ్వేటి చేసినావు?”

“అడిగినాను. పని కావాలంటే నోరు మూసుకోమన్నాడు.”

“పని సరే, పెళ్లో? పద!”

గేటు కాపలావాడు కోటేశ్వరిని ఆపేశాడు. నా తెల్లజుట్టు చూసి నన్ను వదిలేశాడు. లోపల పదిమంది బొంత కోట్లు తొడుక్కుని ఫొటోలు తీస్తున్నారు. మంచులో మా పాలికల మూకుళ్లు, వాటికి పసుపు రాసి ఉంది, కుంకుమ బొట్లున్నాయి. ఇవేమిటని అడిగిన బుద్ధిమంతుడు ఒక్కడు లేడు. రాజమోహన్ గాలి మార్చానని, వెలుతురు మార్చానని చేతులు తిప్పుతున్నాడు.

“ఓరి రాజమోహనా, మా పాలికలు ఇచ్చీరా,” అన్నాను.

వాడు వినపడనట్టు అటు తిరిగి ఫొటోకి నిలబడ్డాడు. ఆ ముసలామె ఏమంటోందని డబ్బులిచ్చేవాళ్లలో డా ఖిన్ ఏ అనే బర్మా ఆవిడ అడిగింది. వాడు నోరు తెరిచేలోపు నేనే బర్మా భాషలో చెప్పాను. “ఇవి పెళ్లి మొలకలు తల్లీ. విత్తి అయిదు రోజులైంది.”

ఆవిడ వంగి బొట్టు మీద వేలు పెట్టి చూసుకుంది. ఫొటోలు ఆగిపోయాయి.

“మామ్మా, ఇక్కడ కాదు, తర్వాత మాట్లాడదాం,” అన్నాడు రాజమోహన్. చూశారా, తెలుగు వచ్చేసింది!

“తర్వాతకి ఇవి చచ్చిపోతాయిరా. నాను మొగుడు పోయినదాన్ని, పాలిక ముట్టకూడదు. నీ పెళ్లాం చల్లగా ఉంది కదా, నువ్వే ఎత్తు.”

“అందరూ చూస్తన్నారు మామ్మా.”

“చూడనీ. మీ తాత ఇదే గోదాములో బియ్యం మూటలు మోసినాడు. నీకు అయిదు మూకుళ్లు బరువా?”

మంచుకి అతుక్కుపోయిన మూకుళ్లని గోళ్లతో పెళ్లగించి, తెల్లకోటుకి మట్టి పూసుకుంటూ మూడుసార్లు తిరిగి గేటు దాకా మోశాడు. కోటేశ్వరి వాటిని బుట్టలో సర్దుకుని, “రేపట్నుంచి నీ మంచు నువ్వే తుడుసుకో సయా,” అంది. నా కోడలు అంత మాట అనడం అదే మొదలు.

మర్నాడు సుధామణి రానే వచ్చింది. రెండు పాలికలు నల్లగా వాలిపోయాయి.

“ఇవేటి వదినా, ఉడకేసిన తోటకూరలాగున్నాయి?”

“మంచు కొట్టింది,” అంది కోటేశ్వరి.

“ఈ ఎండల్లోనా?”

దాచేదేముంది, జరిగినదంతా చెప్పాను. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. “మంచులో కప్పెట్టినా మూడు బతికినాయంటే, సముద్రం మీద తిరిగేవోడికి ఇంతకన్నా గట్టి సంబంధం దొరకదు. కట్టించండి తాళి,” అంది.

తాళి కట్టిన మూడోనాడు వీరన్న ఓడ ఎక్కాడు.

ఆ ఫొటోలు మాత్రం ఇంకా ఫోనుల్లో తిరుగుతున్నాయి, గడ్డకట్టిన నేల మీద తొలి పచ్చదనమట! మనవాళ్లే గొప్పగా ఒకరికొకరు పంపుకుంటున్నారు, సిగ్గులేక. ఎవరైనా మీకు చూపిస్తే ఊరుకోకండి. ఆ నవధాన్యాలు పబేడాన్ బజారులో కొన్నవని, వాటికి నీళ్లు పోసింది కోటేశ్వరి అని చెప్పండి. గుర్తుంచుకుని, మీ పిల్లలకి కూడా నేను చెప్పినట్టే చెప్పండి. ఆ తెల్లకోటు మట్టి మాత్రం తగ్గించకండి.